సోషల్ చదివితే ఏమొస్తది అయ్యగారూ?

పదవ తరగతి పరీక్షలు దగ్గరపడే దినములలో మేము గృహ దర్శనమునకు వెళ్లినప్పుడు ఇంటింటా ఒకే విధమైన ప్రార్థన మనవులు వినిపిస్తాయి. “మా పిల్లగాడు లెక్కల్ల కచ్చగున్నడు అయ్యగారు, ప్రార్థన చెయ్యుండ్రి” అంటారు. సైన్సు కొరకు చేయమంటారు, ఇంగ్లీషు కొరకు చేయమంటారు. పదిహేనేండ్లు దాటిన మా సేవలో చరిత్ర పాఠము కొరకు ప్రార్థించమని అడిగిన తల్లిగాని తండ్రిగాని మాకు తటస్థపడలేదు.

రెండేండ్ల క్రితం, గోదావరికి దగ్గరలో మేము కాపరిగా ఉన్న ఒక గ్రామములో, ఆటో నడిపే సహోదరుడు ఒకాయన ఈ సంగతి దాపరికం లేకుండా చెప్పాడు. “సోషల్ సదివితే ఏమొస్తది అయ్యగారు? సచ్చిపోయిన రాజుల ముచ్చట. పరీక్షల ముందల రెండు దినాలు బట్టీ పడితే పాసైతరు. లెక్కలు సదివితే ఇంజనీరన్న అయితరు.” మేము నవ్వి తల ఊపాము. నిజము చెప్పవలెనంటే మేమూ అలాగే చదివినవారమే. మొదటి పానిపట్టు యుద్ధము 1526, రెండవది 1556, మూడవది 1761. ఎందుకు పోరాడారో అడిగితే తడబడతాము గాని, సంవత్సరాలు మాత్రం నిద్రలో లేపి అడిగినా చెప్పగలము.

ఆయన కుమార్తె అప్పుడు జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో తొమ్మిదవ తరగతి చదువుతున్నది. ఆ అమ్మాయి నవ్వలేదు. తండ్రి టీ తేవడానికి లోపలికి వెళ్లగానే నోటుబుక్కు పట్టుకొని మా ఎదుట నిలబడింది.

“అయ్యగారూ, మన సంఘము ఎప్పుడు మొదలైంది? మన ఊర్ల అందరికంటే ముందు బాప్తిస్మము తీసుకున్నది ఎవరు? మా సారు ఊరి చరిత్ర రాసుకొని రమ్మన్నడు. అందరు గుడి గురించి, దొర గడి గురించి రాస్తున్నరు. నేను మన మందిరము గురించి రాస్త అని చెప్పిన.”

మాకు నోట మాట రాలేదు. తెలియక కాదు. తెలిపే పుస్తకము ఒకటి ఉండేది, దానిని మా చేతులతో మేమే కాల్చివేశాము.

ఆ సంగతి చెప్పవలసిందే. 2009 డిసెంబరు నెల. వేదాంత డిప్లొమా ముగించి కొత్తగా ఆ ఊరికి వచ్చాము. ఈ గ్రామమునకు మేము రెండు మార్లు కాపరిగా వెళ్లాము, అది మొదటి మారు. క్రిస్మసుకు ముందు పాస్టరు ఇంటికి సున్నం వేయిస్తూ, అటుక మీది పాత రేకు సందుగ దించాము. మూత తీస్తే చెదలు. అడుగున అట్టలు ఊడిన పొడుగాటి రిజిష్టరు ఒకటి, కొన్ని తెలుగు కాగితాలు, ఎవరో ఇంగ్లీషులో వ్రాసిన ఉత్తరాలు, మాకు ఒక్క అక్షరము తెలియని ఉర్దూ కాగితాలు. మా ఇంటి ఆమె, “పెద్దలనెవరినన్న అడిగి చూద్దామండి” అన్నది. “చెదలు వాసాలకు ఎక్కితే ఎవరు బాధ్యులు” అని మేము విసుక్కొని, అన్నిటినీ ఇంటి వెనుక కుప్ప పోసి అగ్గి పెట్టాము. అరగంట పట్టింది. పాతవన్నీ పోయి ఇల్లు శుభ్రపడిందని సంతోషించాము కూడా.

తర్వాత మాకు ఆదిలాబాదు వైపు సేవ అప్పగించారు. మళ్లీ అదే గ్రామమునకు 2021లో తిరిగి వచ్చాము. వచ్చిన నెలలోనే ఒక వృద్ధుడు కర్ర ఊతగా మెట్లెక్కి వచ్చాడు. జీతముండి బ్రదుకు వెళ్లదీసిన మనిషి. ఆయన ఆధార్ కార్డులో పుట్టిన తేది జనవరి 1 అని ఉంది. మన పల్లెల్లో ముసలివారిలో ఎందరి కార్డుల్లోనో జనవరి 1 అనే ఉంటుంది, ఒకసారి గమనించండి. సంవత్సరము అడిగితే తెలియదంటారు, వ్రాసేవారు మొగము చూచి ఏదో ఒకటి వేస్తారు. ఆ లెక్క ప్రకారము ఈయన తన సొంత తమ్ముని కంటే మూడేండ్లు చిన్నవాడు! ఎప్పుడో రావలసిన వృద్ధాప్య పింఛను ఆ కారణముగా రావడం లేదు. “పసిగుడ్డుగ ఉన్నప్పుడే నాకు బాప్తిస్మమిచ్చి పెద్ద పుస్తకంల ఎక్కించిండ్రట. పాత అయ్యగారు ఒకపారి సూపెట్టిండు. అది తీసియ్యుండ్రి” అని అడిగాడు.

పుస్తకము చెదలు తిన్నాయని చెప్పాము. అది సగము నిజము. ఆ పుస్తకము చూపిస్తే అధికారులు ఒప్పుకొనేవారో లేదో మాకు తెలియదు. చూపించడానికే ఏమీ లేకపోయింది. ప్రభుత్వము వయసు పరిమితిని 57 ఏండ్లకు తగ్గించి, 2022లో కొత్త పింఛన్లు ఇవ్వడం మొదలుపెట్టిన తర్వాత గాని ఆయనకు పింఛను అందలేదు.

ఇప్పుడు ఆ అమ్మాయి అడిగిన ప్రశ్న వినగానే మాకు ఆ వృద్ధుని మొగమే కండ్లముందు మెదిలింది.

మన కరీంనగర్ ప్రాంతములో చరిత్రకు కొదువ లేదు. వెల్గటూరు దగ్గర పెద్దవాగు గోదావరిలో కలిసే చోట కోటిలింగాల ఉంది. అక్కడ 1979 మొదలుకొని రాష్ట్ర పురావస్తు శాఖవారు త్రవ్వకాలు జరిపితే రెండువేల ఏండ్ల నాటి పట్టణము బయటపడింది. సాతవాహనుల మూలపురుషుడైన శ్రీముఖునివని పండితులు గుర్తించిన నాణేలు అక్కడ దొరికాయి. ఆ రాజ్యము ఇక్కడే పుట్టిందని కొందరు పండితులు వాదించడానికి అదే ఆధారము. పెద్దపల్లి దగ్గర పెద్దబంకూరులో వేలకొలది సాతవాహన నాణేలతో పాటు రోమా నాణేలు కూడా వచ్చాయి. దక్షిణ దేశములో దొరికిన రోమా నాణేల్లో ఎక్కువ భాగము ఔగుస్తు, తిబెరి కైసరుల పేర ముద్రించినవే. క్రిస్మసు పాఠములో కైసరు ఔగుస్తు పేరు వినని పిల్లవాడు మన సండేస్కూలులో లేడు. ఆ కైసరు కాలములో రోమా సొమ్ము మన దక్షిణ దేశపు బజారుల్లో మారిందని చెబితే, ఆ పిల్లవాడి కండ్లు ఎంత పెద్దవవుతాయో చెప్పి చూడండి.

ఆ సంవత్సరము సండేస్కూలు పిల్లలను రెండు ఆటోల్లో కోటిలింగాలకు తీసుకొని వెళ్లాము. ఒక ఆటో ఆ అమ్మాయి తండ్రిదే. కిరాయి తీసుకోలేదు గాని, దారి పొడుగునా “మట్టిదిబ్బ సూడనీకి గింత దూరమా” అని నవ్వుతూనే ఉన్నాడు. యెల్లంపల్లి ప్రాజెక్టు నీళ్లు ఆ స్థలములో కొంత భాగము వరకు చేరాయి. మిగిలిన చోట పిల్లలు మన ఇటుకలకు రెండింతలు పైగా ఉన్న పాత ఇటుక పెళ్లలను చేతితో జేన వేసి కొలిచారు. ఆటో సహోదరుడు కూడ వంగి ఒకటి కొలిచాడు. అయితే తిరిగి వస్తుండగా ఆ అమ్మాయి మెల్లగా అన్నది: “అయ్యగారూ, నాణేల మీద రాజు పేరున్నది. ఇటుకలు కాల్చినోళ్ల పేరు లేదు.”

ఆ మాట మమ్మును వదలలేదు. గంగాధర దగ్గర కురిక్యాల బొమ్మలగుట్ట మీద సుమారు 945లో జినవల్లభుడు చెక్కించిన శాసనముంది. ఆయన వేములవాడ ఆస్థాన కవి పంపని తమ్ముడు. సంస్కృతము, కన్నడము, తెలుగు మూడు భాషల్లో వ్రాయించాడు. అందులో తెలుగు కంద పద్యాలు ఉన్నాయి. నన్నయ కంటే సుమారు వందేండ్ల ముందటి పద్యాలు మన జిల్లా బండ మీద ఉన్నాయంటే ఎవరికి సంతోషముండదు? కాని గుట్ట ఎక్కి బండ చెక్కిన కూలివాని పేరు అక్కడ వెదకవద్దు. మన సంఘములలో ఎక్కువమంది ఆ కూలివాని సంతతివారము. దొరల లెక్కల్లో మన తాతలు ఉన్నా వెట్టికి, అప్పుకు ఉండేవారు. ఒక పేద కుటుంబములో తల్లి పేరు, తండ్రి పేరు, పుట్టిన దినము ఒకరు గౌరవముగా అడిగి వరుసగా వ్రాసిన మొదటి కాగితము చాలా ఊళ్లలో బాప్తిస్మపు రిజిష్టరేనని మేము ఇప్పుడు అనుకుంటున్నాము. మేము అగ్గి పెట్టినది దానికి.

ఇక ఆ అమ్మాయి ఊరుకోలేదు. రిజిష్టరు లేదంటే మనుషుల దగ్గరకు వెళ్లింది. ఒక తాత, “తెల్ల దొర గుర్రమెక్కి వచ్చి మొదట వాక్యము చెప్పిండు” అన్నాడు. ఇంకొక తాత, “తెల్ల దొర కాదు, తెలుగాయనే, ఎడ్లబండి మీద వచ్చిండు” అన్నాడు. ఇద్దరూ తమ తండ్రులు చెప్పిన మాటే చెబుతున్నారు. వెస్లియన్ మెథడిస్టు మిషనరీలు కరీంనగర్‌కు 1880లలో వచ్చినమాట వాస్తవమే. పల్లె పల్లె తిరిగి బడి చెప్పి, పాటలు నేర్పి, సంఘములను నిలబెట్టినవారిలో ఎక్కువమంది మన తెలుగు ఉపదేశకులు, బైబిలు స్త్రీలు అన్నదీ వాస్తవమే. దొర పేరు పుస్తకాల్లో దొరుకుతుంది. ఎడ్లబండి ఆయన పేరు ఎవరికీ జ్ఞాపకము లేదు.

తొంభై దాటిన ఒక అవ్వ దగ్గర కూర్చుంటే ఆమె ఇట్లా చెప్పింది: “నేను కాపురానికి వచ్చేటాల్లకు గుడి ఏడిది బిడ్డా? చింతచెట్టు కింద పాటలు పాడేది. నా పెద్ద కొడుకు పుట్టినంక గుడిసె ఏసిండ్రు.” అది ఏ సంవత్సరము అవ్వా అంటే ఆమెకేమి తెలుసు? అయితే అమ్మాయి తెలివిగా అడిగింది: “పోలీసు యాక్షన్ అయినప్పుడు నీకు పిల్లలున్నరా అవ్వా?” “ఇద్దరు. చిన్నది చంకల ఉండె.” పోలీసు చర్య 1948 సెప్టెంబరు 13న మొదలై 18న నిజాం సైన్యము లొంగుబాటుతో ముగిసింది. ఆ తేది పాఠములో ఉంది. పాఠములో బట్టీ పట్టిన తేది ఒక ముసలమ్మ జ్ఞాపకానికి గూటము వలె ఉపయోగపడుతుందని మేము ఆ దినమే చూశాము. లూకా కూడ కన్నులార చూచినవారిని విచారించి గదా తన సువార్త వ్రాశాడు! ఆయన ఎన్ని గడపల ముందు ఇట్లా కూర్చున్నాడో అని మేము మొదటిసారి ఆలోచించాము.

తర్వాత ఆమె ఇంట్లోనే ఒక కాగితము దొరికింది. ముత్తాత పెట్టెలో మడతలు పడిన ఉర్దూ రసీదు. చివర అంకెలు మాత్రం పోల్చుకున్నది: 1356. పరుగెత్తుకొని వచ్చింది. “అయ్యగారూ, 1356 అంటే కాకతీయులు పోయి ముప్పై మూడేండ్లే! మా ముత్తాత అప్పటోడా?” కాకతీయ రాజ్యము 1323లో కూలిందని ఆమెకు పాఠములో తెలుసు. లెక్క సరిగానే కట్టింది పాపం.

ఆ ఒక్కచోట మాత్రమే మేము ఆమెకు పనికివచ్చాము. నిజాము రాజ్యములో సర్కారు కాగితాల మీద ఫసలీ సంవత్సరము వేసేవారు. దానికి 590 కలిపితే మన సంవత్సరము వస్తుంది. 1356 ఫసలీ అంటే 1946 అక్టోబరు మొదలు ఏడాది. ఈ సంగతి మాకు ఏ బడిలోనూ చెప్పలేదు. ఆదిలాబాదులో ఒక గోండు పెద్దమనిషి దగ్గర నేర్చుకున్నాము. అది కొంచెము వివరముగా చెప్పనివ్వండి, ఎందుకంటే చరిత్ర తెలియకపోతే ఏమి పోతుందో మేము అక్కడే చూశాము.

ఉట్నూరు చుట్టుపక్కల గోండు గూడెములలో తమ పూర్వికుల కథలు కంఠస్థముగా పాడే ప్రధానులు, తోటీలు ఉన్నారు. కింగ్రి వాయిస్తూ రాత్రంతా వంశముల కథ చెబుతారు. చరిత్ర లేని ప్రజలు కారు వారు. ఆ చరిత్ర సర్కారు కాగితము మీద లేకపోవడమే వారికి తెచ్చిన నష్టము. తరతరాలుగా పోడు చేసుకొన్న భూములు రిజర్వు అడవిగా గీత గీసినప్పుడు, బయటనుండి వచ్చినవారు పట్టాలు చేయించుకొన్నప్పుడు, వీరి చేతిలో చూపించడానికి ఏమీ లేదు. కచేరీ భాష ఉర్దూ, వీరి భాష గోండి. కొమురం భీము జోడేఘాట్ దగ్గర పోరాడి 1940లో ప్రాణము విడిచాడు. ఆ తర్వాతనే నిజాము ప్రభుత్వము మేల్కొని, ఆస్ట్రియా దేశస్థుడైన మానవశాస్త్ర పండితుడు హైమన్‌డార్ఫ్‌ను గోండుల స్థితిగతులు విచారించమని నియమించింది. ఆయన మార్లవాయి గూడెములో ఉండి వారి భాష నేర్చుకొన్నాడు. 1943లో అక్కడ గోండు యువకులకు ఉపాధ్యాయ శిక్షణ మొదలైంది. గోండి భాషలోనే వాచకాలు తయారుచేశారు. వేల కుటుంబాలకు పట్టాలు వచ్చాయి. ఆయన భార్య బెట్టీ 1987లో చనిపోతే మార్లవాయిలోనే సమాధి చేశారు.

మాకు ఫసలీ లెక్క నేర్పిన పెద్దమనిషి అప్పట్లో వచ్చిన గిరిజన ప్రాంతాల నిబంధన పేరు “తేరా సౌ ఛప్పన్” అని ఉర్దూలో పలికేవాడు. అంటే 1356 ఫసలీ. ఇప్పుడు ఏజెన్సీలో భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా చూసే 1970 నాటి చట్టాన్ని ‘ఒకటి బై డెబ్బై’ అని అందరూ అంటారు. దాని వెనుక 1946 ఉంది, దాని వెనుక 1940 ఉంది అని ఆయనకు తెలుసు. పట్నములో ఇంటరు చదివే ఆయన మనుమడికి తెలియదు. ఆ అబ్బాయి దగ్గరకు ఎవరైనా వచ్చి ‘సంతకము పెట్టు, ఏమీ కాదు’ అంటే పెడతాడేమోనని తాత భయము. “వాడు సైన్స్ గ్రూపు తీసుకున్నడు పాస్టర్ సాబ్, మంచిదే. కాని మా ముచ్చట ఎవ్వరు చెప్తలేరు వానికి” అన్నాడు.

మేము పదవ తరగతి చదివిన దినములలో జోడేఘాట్ పేరు బడిలో విన్న జ్ఞాపకము మాకు లేదు. ప్లాసీ యుద్ధము తెలుసు, జోడేఘాట్ తెలియదు. ఇప్పుడు ఆ పరిస్థితి లేదు. 2014లో తెలంగాణ వచ్చిన తర్వాత పాఠ్యపుస్తకాలలో ఇక్కడి చరిత్రకు చోటు పెరిగింది. మేము అక్కడ ఉండగానే 2016 అక్టోబరు 11న ఆదిలాబాదు నాలుగు జిల్లాలుగా విడిపోయి, ఒకదానికి ఆయన పేరే పెట్టారు. బస్సు బోర్డు మీద ఆ పేరు ప్రతి దినము చూచే పిల్లలు, ఆయన ఎవరని అడిగితే తెలియదనకూడదు గదా.

మరల ఆ అమ్మాయి రసీదు దగ్గరకు వద్దాము. సంవత్సరము తెలిసింది గాని చదివేవారు కావాలి. మా ఊరిలో దర్జీ పని చేసి మానుకొన్న ముస్లిం పెద్దాయన ఉన్నారు. ఆ తరమువారు చాలామంది ఉర్దూ బడుల్లో చదివినవారే. మన జిల్లా హనుమాజీపేటలో పుట్టి 1988కి జ్ఞానపీఠ పురస్కారము పొందిన సి. నారాయణరెడ్డి గారు కూడ చిన్నప్పుడు ఉర్దూ మాధ్యమములో చదివినవారే. పెద్దాయన కండ్లద్దాలు తుడుచుకొని చదివి, ఇది శిస్తు రసీదు అని చెప్పారు. అందులో అమ్మాయి ముత్తాతది పాత పేరే ఉంది, బాప్తిస్మపు పేరు లేదు. అయితే 1946లో ఆయన ఇంకా బాప్తిస్మము పొందలేదా? లేక సంఘములో ఒక పేరు, కచేరీలో ఒక పేరు నడిచిందా? మన కుటుంబాలలో ఈనాటికీ రెండు పేర్లు ఉన్నవారు ఎందరు! ఒక్క కాగితము దొరికితే చాలు అంతా తేలిపోతుందనుకొన్నాము. కాగితాన్ని కూడ ప్రశ్న అడగవలసి వచ్చింది.

రసీదు మడిచి ఇస్తూ ఆ పెద్దాయన, “ఇంకేం రాస్తున్నవు బిడ్డా?” అన్నారు. పోలీసు యాక్షన్ గురించి అవ్వ చెప్పింది రాస్తున్నానని అమ్మాయి చెప్పింది. రజాకార్లు వస్తున్నారని కేక వినబడితే పిల్లల నోళ్లు మూసి జొన్నచేలల్లో రాత్రంతా పడుకొన్న సంగతి అవ్వ చెప్పింది. పెద్దాయన కొంతసేపు ఊరకున్నారు. తర్వాత, “నిజమే, మా ఇంటి ముచ్చట కూడ రాస్తవా?” అని అడిగారు. రజాకార్లతో ఏ సంబంధమూ లేని తన పెదనాన్న, సైన్యము వచ్చి వెళ్లిన తర్వాతి వారములో బజారుకు పోయి ఇంటికి రాలేదట. తనకు అప్పుడు ఐదేండ్లు. ఇంట్లో ఆడవారు ఆ విషయము ఎన్నడూ గట్టిగా మాట్లాడలేదట.

రజాకార్ల దౌర్జన్యము నిజము. వారి తర్వాత ఎందరో అమాయక ముస్లిం కుటుంబాల మీద జరిగిన హింస కూడ నిజము. అప్పుడు ప్రభుత్వమే పంపిన పండిత సుందర్‌లాల్ కమిటీ దాన్ని విచారించి నివేదిక ఇచ్చింది. అది చాలా ఏండ్లు ప్రజల ముందుకు రాలేదు. ఈ రెండు ముచ్చట్లు ఒకే ఊరిలో, రెండు వాడల నడుమ, డెబ్బై ఐదేండ్లుగా ఒకరికొకరు చెప్పుకోకుండా ఉన్నాయి. ఒక తొమ్మిదవ తరగతి పిల్ల నోటుబుక్కులో మొదటిసారి ఒకే పేజీకి వచ్చాయి. మేము కాపరులము, సమాధానము గురించి ఎన్నో ప్రసంగాలు చేశాము. ఈ పని చేయాలని మాకు తోచలేదు.

తల్లిదండ్రులారా, సెల్‌ఫోనులో వచ్చే చరిత్ర ఎంత వేగముగా ఇండ్లలోనికి వస్తున్నదో మీరు ఎరుగుదురు. ఫలానా రాజు ఫలానావారిని ఇంతమందిని చంపాడు, అందరికీ పంపించండి అని ఉంటుంది. పంపించేస్తాము. వ్రాసిందెవరు, ఎప్పుడు, చూచి వ్రాశాడా విని వ్రాశాడా అని అడగడము బడిలో చరిత్ర పాఠము దగ్గరే నేర్చుకోవాలి, వేరే పాఠము లేదు. మనవనుకొనే కథలను కూడ అలాగే అడగాలి. జగిత్యాల కోట నక్షత్రము ఆకారములో ఉంటుంది, పద్దెనిమిదవ శతాబ్దములో ఫ్రెంచివారి సహాయముతో కట్టింది. అంతవరకు సరే. దాన్ని కట్టిన జాక్, టాల్ అనే ఇద్దరి పేర్ల మీదుగా జగిత్యాల అని పేరు వచ్చిందని చెప్పుకొంటారు. వినడానికి బాగుంది, మేమూ పెండ్లి ప్రయాణాల్లో చాలామందికి చెప్పాము. ఆధారమేమిటని ఆ అమ్మాయి అడిగిన నాటినుండి చెప్పడం మానుకొన్నాము. నిర్మల్‌లో 1860లో రాంజీ గోండును, ఆయనవారిని మర్రిచెట్టుకు ఉరితీసిన సంగతి అట్లా కాదు, అది జరిగింది. వెయ్యి మంది అని జనము చెప్పుకొంటారు, చెట్టుకు వెయ్యి ఉరుల మర్రి అని పేరు. సరిగ్గా వెయ్యేనా అని పిల్లవాడు అడిగితే కోపపడవద్దు. అడిగినంత మాత్రాన వారి త్యాగము తగ్గదు.

ఉద్యోగము మాట కూడ చెప్పకపోతే ఆటో సహోదరునికి మేము జవాబు చెప్పినట్టు కాదు. బడిలో సోషల్‌ను రెండు దినాల చదువు అనుకొన్న మన యువకులే, డిగ్రీ తర్వాత కరీంనగర్‌లో అద్దె గదుల్లో ఉండి వేల రూపాయలు కోచింగులకు పెట్టి అదే చరిత్ర మొదటినుండి చదువుతున్నారు. గ్రూప్-2లో తెలంగాణ ఉద్యమము, రాష్ట్ర ఆవిర్భావము మీద ఒక పేపరు మొత్తమే ఉంది. మా సంఘములోనే ఇద్దరున్నారు. ఇది చిన్న కారణమే, కాని ఆయన దీనికే ఎక్కువ చెవి యొగ్గాడు.

అమ్మాయి తన ప్రాజెక్టు పద్నాలుగు పేజీలు వ్రాసింది. సంఘము ఎప్పుడు మొదలైందన్న చోట ఇట్లా ఉంది: మా సంఘము 1948 కంటే ముందే ఉంది, ఎంత ముందో చెప్పే కాగితము ఇప్పుడు లేదు. “తెల్వదని రాస్తే మార్కులు కోస్తరు బిడ్డా, ఏదో ఒక సంవత్సరమెయ్యి” అని తండ్రి గొడవ పెట్టాడు. ఆమె వేయలేదు. ఆ సారు ఆ వాక్యము క్రింద ఎర్ర గీత గీసి, ప్రక్కన ‘బాగుంది’ అని వ్రాశారు. ఆ పేజీ తండ్రి ఇప్పుడు ఆటో ఎక్కినవారికి చూపిస్తున్నాడని విన్నాము.

ఆ వాక్యము చదివిన రాత్రి మాకు నిద్ర పట్టలేదు. కోతకాల పండుగ ఆదివారము ఆరాధన ముగియగానే, 2009లో ఏమి చేశామో సంఘము ఎదుట ఉన్నదున్నట్టు చెప్పి క్షమాపణ అడిగాము. ఎవరూ ఏమీ అనలేదు. పింఛను వృద్ధుడు వెనుక వరుసలో తల వంచుకొని కూర్చున్నాడు. కొత్త రిజిష్టరు ఒకటి కొని తెచ్చాము, గట్టి అట్టది. బాప్తిస్మాలకే కాదు, ప్రతి కుటుంబము తాతముత్తాతల వరకు తెలిసినంత చెప్పి వ్రాయించాలని పెద్దలు తీర్మానించారు. అమ్మాయి ఒక షరతు పెట్టింది. ప్రతి పేరు ఎదుట, ఆ సంగతి ఎవరు చెప్పారో కూడ వ్రాయాలి.

ఆ మధ్యాహ్నము భోజనాలు అయ్యేవరకు ముప్పై ఇండ్లవారు వ్రాయించారు. చింతచెట్టు అవ్వ మూడు తరాల పేర్లు తప్పులేకుండ చెప్పింది. చివరకు అందరూ వెళ్లాక ఆ వృద్ధుడు కర్ర గోడకు ఆనించి బల్ల ముందు కూర్చున్నాడు.

“నాది రాయుండ్రి అయ్యగారు.”

“పుట్టిన ఏడు?”

“పోలీసు యాక్షన్ అయినప్పుడు అప్పుడప్పుడే నడక నేర్చిన అని మా అవ్వ చెప్పేది.”

మేము 1947 అని వ్రాసి ఆగాము. అమ్మాయి మా భుజము మీదుగా చూస్తున్నది. 1947కు ముందు ‘సుమారు’ అని చేర్చి, చివరి గడిలో వ్రాశాము: చెప్పినవారు, తానే, తన తల్లి మాట ప్రకారము.